‘జారింగ్’ అంటే కర్కశం ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన మంగళవారం మీ పత్రిక విద్యార్థుల పేజీలో, రోజుకో ఇంగ్లీషు మాట చెప్పే చోట, ‘జారింగ్’ అనే విశేషణం ఇచ్చారు. అర్థం దగ్గర ‘కర్కశమైన, కఠోరమైన’ అని రెండు మాటలు వేసి వదిలేశారు. ఆ ముక్కని కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకున్న అమ్మాయి మా వీధిలోనే ఉంది. డిగ్రీ అయింది, బ్యాంకు పరీక్షలకి చదువుకుంటోంది. సాయంత్రాలు నా దగ్గరికొచ్చి తను రాసిన వాక్యాలు చూపించి వెళ్తుంటుంది. ఆ రోజు ‘మై అంకుల్ ఈజ్ ఎ జారింగ్ మ్యాన్’ అని రాసుకొచ్చింది. వాళ్ల పెదనాన్న కోపిష్టి, మాట కటువు. కర్కశమైన మనిషి అని చెప్పాలనుకుంది. మీరిచ్చిన అర్థం ప్రకారం చూస్తే ఆ పిల్ల రాసిందాంట్లో తప్పేమీ లేదు. కానీ పుస్తకాల్లో, పేపర్లలో, పరీక్షల్లో కనపడే ఇంగ్లీషులో మనిషిని అలా అనరు. లండన్ కుర్రకారు మాటల్లో విసిగించే మనిషిని ‘జారింగ్’ అనడం ఉంది గానీ, అక్కడ కూడా అర్థం విసుగే, కర్కశత్వం కాదు. "తప్పు నీది కాదమ్మా" అని ఆ అమ్మాయికి చెప్పి పంపించి, ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

ఒక్క మాట అర్థం కోసం ఇంత పెద్ద ఉత్తరమా అని మీరు అనుకోవచ్చు. నేను ముప్పై రెండేళ్లు శ్రీకాకుళం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పాను. టెక్కలి వైపు కొన్నాళ్లు, నరసన్నపేట వైపు కొన్నాళ్లు. రిటైరయ్యాక పుట్టింటి ఊరు విజయనగరం వచ్చేశాను. మా పిల్లలకి ఇంట్లో ఇంగ్లీషు వినపడదు. మాట నేర్చుకోవాలంటే బడి, ఫోను, మీ పేపరు, అంతే. పేపర్లో అచ్చయిందంటే వాళ్లకి ఇక అనుమానం ఉండదు. అందుకే మీరు ఇచ్చే ఆ రెండు మాటలకి అంత బరువుంది.

ఈ మాట నాకు ప్రత్యేకంగా గుర్తుండిపోవడానికి ఒక కారణం ఉంది. టెక్కలి దగ్గర ఒక ఊళ్లో పదో తరగతికి పాఠం చెబుతున్నప్పుడు ఒక పేరాలో ‘ఎ జారింగ్ నోట్’ అని వచ్చింది. అర్థం ఊహించి చెప్పండర్రా అన్నాను. వెనక బెంచీ కుర్రాడు లేచి, "జారిపోడం మేడమ్" అన్నాడు. తెలుగు ‘జారు’కి ఇంగ్లీషు ‘ఇంగ్’ కలుపుకున్నాడు. ముందు బెంచీ అమ్మాయి, "జాడీలో పెట్టడం" అంది. దాని ఊహకి ఆధారం ఉంది, ఎందుకంటే ఇంగ్లీషులో ‘జార్’ అంటే జాడీ కూడా. కాకపోతే ఆ రెండు ‘జార్’లకీ చుట్టరికం లేదు. పచ్చడి పెట్టుకునే ‘జార్’ అరబ్బీలో మట్టికుండని చెప్పే ‘జర్రా’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ‘జారింగ్’కి మూలమైన ‘జార్’ వేరే క్రియ. 16వ శతాబ్దం నుంచీ ఇంగ్లీషులో కనపడుతుంది. గరగరమనే, కీచుమనే చప్పుడుని నోటితో అనుకరించగా పుట్టిన మాట అయివుంటుందని భాషా పండితులు చెబుతారు.

ఇదంతా పిల్లలకి చెప్పలేదు. సుద్దముక్కని నిలువుగా పట్టుకుని బోర్డు మీద నొక్కి ఒక్క గీత లాగాను. కీచుమంది. క్లాసంతా చెవులు మూసుకుంది. "పళ్లు జివ్వుమన్నాయి మేడమ్" అని అరిచారు. అదే జారింగ్ అన్నాను. అప్పుడు మూడో వరసలోంచి ఒక పిల్ల లేచింది. తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే పనికి వెళ్తుంది. పిలిస్తే తప్ప పలకని పిల్ల. "అన్నంలో రాయి తగిల్నట్టుంటాది కదా మేడమ్" అంది. నేను ఔనన్నాను. కూర్చోబోతూ ఇంకో మాట అంది. "రాయి ఒకటే గానీ మేడమ్, ఆ ముద్దంతా పాడయిపోద్ది."

నేను బోర్డు మీద గీసి చూపించినదానికంటే ఆ పిల్ల చెప్పిందే సరైన అర్థమని నాకు ఇంటికి వెళ్లే బస్సులో తెలిసింది. సుద్దముక్క చప్పుడు ఎక్కడ విన్నా కీచే. రాయి సంగతి అలా కాదు. దారిలో ఉన్న రాయిని ఎవరూ కఠోరమైన వస్తువు అనుకోరు. చేటలో కనపడితే ఏరి పారేస్తాం, మనసులో కూడా ఉండదు. అదే రాయి మెత్తటి అన్నం మధ్యలో, ఆకలి మీద తింటున్నప్పుడు, ఏమరుపాటుగా పంటి కింద పడినప్పుడు ఒళ్లంతా ఒక్కసారి ఆగుతుంది. చుట్టూ అన్నం మెత్తగా ఉంది కాబట్టే అది రాయి అయింది. కోటా బియ్యం వండుకు తినే ఇంట్లో పెరిగిన పిల్లకి ఆ మాట ఏ నిఘంటువూ చూడకుండా తెలిసిపోయింది.

మీరు ఇచ్చిన ‘కర్కశమైన’ అన్న అర్థంలో పోయింది ఈ ‘చుట్టూ’ అన్నదే. ‘హార్ష్’ అంటే కర్కశం, కఠినం. ఎండ హార్ష్ కావచ్చు, శిక్ష హార్ష్ కావచ్చు, ఆ అమ్మాయి పెదనాన్న కూడా హార్ష్ మనిషే. ‘గ్రేటింగ్’ అంటే కొబ్బరి కోరుతున్నట్టు ఆగకుండా గీరుకుపోయే గొంతు. ‘ష్రిల్’ అంటే కీచు. ఇవన్నీ ఆ వస్తువులో ఉండే గుణాలు. జారింగ్ అలాంటి గుణం కాదు. ఒకటి సాఫీగా సాగుతుండగా దాంతో పొసగనిది వచ్చి తగిలినప్పుడు ఆ తాకిడికి పెట్టిన పేరు. ఈ క్రియ పక్కన ఇంగ్లీషువాళ్లు వాడే చిన్న మాటల్ని గమనించినా ఇది తెలుస్తుంది. ‘జార్ ఆన్’ అంటే చెవికో మనసుకో గుచ్చుకోవడం. ‘జార్ విత్’ అంటే పక్కనున్నదానితో పొసగకపోవడం. ఆ ‘విత్’ ఉందంటేనే ఇద్దరు కావాలి. ఒంటరిగా ఏదీ జారింగ్ అవ్వదు.

నాకు ఈ సంగతి చిన్నప్పుడే మా అన్నయ్య ఫిడేలు వల్ల తెలిసి ఉండాల్సింది. విజయనగరంలో ఫిడేలు నేర్చుకోవడమంటే అందరికీ తెలిసిన గౌరవం. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా మొదలైన సంగీత కళాశాల మాది. ఆ తర్వాత, 1936లో, ఫిడేలు నాయుడు గారని జనం పిలుచుకున్న ద్వారం వెంకటస్వామినాయుడు గారు అదే కాలేజీకి ప్రిన్సిపాలయ్యారు. మా అన్నయ్య అక్కడ చేరేనాటికి ఆ పెద్దలు లేరు గానీ, వాళ్ల పేరు చెప్పకుండా మా ఇంట్లో ఫిడేలు పెట్టె తెరిచేవాళ్లు కాదు. మొదటి ఏడాది అన్నయ్య కమాను లాగితే ఇల్లంతా గరగర. అది నిజంగా కర్కశమే. అయినా రెండు నెలలకి మాకు అలవాటైపోయింది. మా అమ్మ ఆ గరగరలోనే పప్పు రుబ్బుకునేది, నేను లెక్కలు చేసుకునేదాన్ని.

నాలుగేళ్ల తర్వాత ఒక సాయంత్రం వాడు మోహన రాగం చక్కగా వాయిస్తున్నాడు. మోహనలో మధ్యమం, నిషాదం ఉండవు. ఐదు స్వరాలే. ఎక్కడో వేలు తప్పి ఒక్క మధ్యమం పలికింది. వంటింట్లో ఉన్న మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏఁవయిందిరా?" అంది. సంగీతం నేర్చుకోని మనిషి ఆవిడ. శంకరాభరణంలో వేసినప్పుడు అదే మధ్యమం తేనెలా ఉంటుంది. అందులో కర్కశం ఏముంది? కానీ మోహనలో దానికి చోటు లేదు. మొదటి ఏడాది గరగరంతా మా అమ్మని కదిలించలేదు, ఆ ఒక్క తీయటి స్వరం కదిలించింది. ఇంగ్లీషులో ‘ఎ జారింగ్ నోట్’ అన్న పలుకుబడి సంగీతంలోంచే వచ్చి, ఇప్పుడు మాటలకీ, సభలకీ, రాజకీయాలకీ వాడుకలో ఉంది. మన అపశ్రుతి, అపస్వరం కూడా సరిగ్గా అదే దారిలో నడిచాయి. పెళ్లిలో చిన్న గొడవైతే ‘అపశ్రుతి దొర్లింది’ అని మీ పత్రికలోనే రాస్తారు. మరి ఆ మాట మీ చేతిలో ఉండగా అర్థం దగ్గర కర్కశం ఎందుకు వచ్చిందో నాకు తెలియలేదు.

ఇంకో అనుభవం చెప్పాలి. రాయాలా వద్దా అని ఆలోచించాను, కానీ ఈ మాటకి నా బతుకులో ఇంతకంటే సరైన ఉదాహరణ లేదు. తొమ్మిదేళ్ల కిందట మా అమ్మని విశాఖలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ అక్కడివాళ్లు ఎంతో ఆదరంగా ఉన్నారు. ‘అమ్మగారు టిఫిన్ తిన్నారా’, ‘అమ్మగారికి దుప్పటి కావాలా’ అనేవారు. పన్నెండో రోజు తెల్లవారుజామున అమ్మ పోయింది. పావుగంట అయిందో లేదో, ఒక కుర్రాడు కాగితాలు పట్టుకుని వచ్చి, "బాడీ ఎప్పుడు తీసుకెళ్తారు మేడమ్?" అని అడిగాడు. గొంతు పెంచలేదు. మెల్లగా, తల వంచుకుని, మర్యాదగానే అడిగాడు. అతని ఉద్యోగంలో రోజూ వాడే మాట అది. అతన్ని నేను ఒక్క మాట అనలేదు, ఇప్పటికీ అతని మీద కోపం లేదు. కానీ పావుగంట ముందు దాకా ‘అమ్మగారు’గా ఉన్న మనిషి ‘బాడీ’ అయిపోయేసరికి నా గుండెలో ఏదో కలుక్కుమంది. ఆ తర్వాత అంబులెన్సు, బంధువులు, స్మశానం, పదోరోజు, అన్నీ జరిగాయి. వాటిలో చాలా గుర్తులేవు. ఆ మాట మాత్రం ఉంది.

దాన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే జారింగ్ అనే చెబుతాను. మీరిచ్చిన అర్థం పెట్టి ‘ఆ కుర్రాడి మాట కర్కశంగా ఉంది’ అని తెలుగు చేస్తే ఆ పిల్లవాడికి అన్యాయం చేసినట్టవుతుంది. అతను కర్కశంగా మాట్లాడలేదు.

కళ్లకి, ఒంటికి కూడా ఈ మాట వాడతారు. వాటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మా గంటస్తంభం దగ్గర పాత మేడల మధ్య మెరిసే గులాబీ రంగు ఫ్లెక్సీ కట్టినప్పుడు కంటికి తగిలేది జారింగే. అక్కడ ‘కర్కశమైన రంగు’ అంటే నవ్వుతారు, ‘ఎబ్బెట్టుగా ఉంది’ అంటారు. బస్సులో కూడా అంతే. పల్లె రోడ్డు మీద గతుకులు మొదటినుంచీ ఉంటాయి కాబట్టి నడుము వాటికి సర్దుకుపోతుంది. జాతీయ రహదారి మీద నున్నగా పోతూ పోతూ చూసుకోని స్పీడ్ బ్రేకర్ ఎక్కితే దవడలు గట్టిగా కొట్టుకుంటాయి. ఆ కుదుపు జారింగ్.

అయితే ఈ మాటకి తెలుగు ఏమిటి? ఒక్క మాటలో ఇమడదని నా అనుభవం. చెవికి అపశ్రుతి, కంటికి ఎబ్బెట్టు, ఒంటికి కుదుపు, మనసుకి చివుక్కుమనడం. ఇవన్నీ కలిపి చెప్పాలంటే పంటి కింద రాయి. ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తే మన దగ్గర ఒక పెద్ద నిధే ఉంది. కలుక్కు, చివుక్కు, గతుక్కు, ఉలిక్కి, జివ్వు. ఈ మాటలన్నీ ఒక తాకిడిని నోటితో పలికి చూపిస్తాయి. గతుక్కుమన్నాడు అంటే చాలు, మనిషి లోపల ఆగిపోవడం వినపడుతుంది. నేను పైన చెప్పాను కదా, ఇంగ్లీషు ‘జార్’ కూడా చప్పుడుని అనుకరించే పుట్టింది అని. అంటే మన గతుక్కుకీ, వాళ్ల జార్‌కీ పుట్టుక ఒకలాంటిదే. ఇంత దగ్గరి మాటలు ఇంట్లో ఉండగా కర్కశ, కఠోర అనే సంస్కృతం మాటల దగ్గరికి ఎందుకు వెళ్లాలి?

నిఘంటువు రాసే చోట అలాంటి నోటి మాటలు బాగుండవని ఎవరైనా అంటారేమో. ఈ గడ్డ మీద ఆ మాట అనకూడదు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని జీవితమంతా పోరాడారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరలనే గిరిజనుల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కూర్చారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని మీరే ప్రతి ఏడాదీ పేజీ నింపుతారు. మిగతా రోజుల్లో పిల్లల పేజీకి కూడా ఆ పద్ధతి రావాలని నా కోరిక.

వాడుక గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే అర్థం తెలిసినా పిల్లలు ఇక్కడ దెబ్బతింటారు. తనకి విసుగ్గా ఉందని చెప్పాలనుకుని ‘ఐ యామ్ బోరింగ్’ అని రాసే పిల్లల్ని ఏటా చూశాను. అంటే నేను విసుగు పుట్టించే మనిషిని అని తనే రాసుకున్నట్టు. జారింగ్‌ది కూడా అదే కోవ. తాకిడి ఇచ్చేది జారింగ్, తాకిడి తిన్న మనిషి ‘జార్డ్’. ‘ది న్యూస్ వాజ్ జారింగ్’ అనాలి గానీ ‘ఐ ఫెల్ట్ జారింగ్’ అనకూడదు. మనిషికంటే అతని గొంతుకి, నవ్వుకి, మాటకి, ఒక మార్పుకి, ఒక తేడాకి ఈ విశేషణం బాగా అతుకుతుంది. స్పెల్లింగులో ‘ఆర్’ రెండుసార్లు వస్తుంది.

పరీక్షల సంగతికొస్తే, ఈ మాటకి వ్యతిరేకపదం ‘హార్మోనియస్’, అంటే శ్రుతి కలిసినది. పక్కదానితో పొసగకపోవడం అని అర్థం చేసుకున్న పిల్ల ఆ జవాబు దగ్గరికి తనే చేరుతుంది. కర్కశం అని బట్టీపట్టిన పిల్ల నాలుగు ఆప్షన్లలో ‘సాఫ్ట్’ దగ్గర టిక్కు పెడుతుంది. ఆ ఒక్క మార్కు కోసం ఏడాదిపాటు కోచింగుకి డబ్బు కట్టి, అద్దె గదుల్లో టెన్షన్‌తో నిద్ర మానుకుని చదువుతున్న పిల్లలు మా వీధిలోనే ఐదారుగురు ఉన్నారు.

నేను అడిగేది రెండు విషయాలు. మొదటిది, ఈ మాటని మళ్లీ ఒకసారి ఇవ్వండి. రెండోది, ఇకమీద ఏ మాట ఇచ్చినా అర్థం పక్కన కనీసం ఒక వాక్యం ఇవ్వండి. చోటు తక్కువని నాకు తెలుసు. రోజుకో మాట ఇచ్చే బదులు రెండు రోజులకొకటి ఇచ్చినా పిల్లలు ఏమీ నష్టపోరు.

మా వీధి అమ్మాయి నిన్న సాయంత్రం మళ్లీ వచ్చింది. పెదనాన్న గురించే ఇంకోసారి రాసింది. వాళ్ల అక్క పెళ్లి మాటల్లో అందరూ నవ్వుతూ కబుర్లు చెప్పుకుంటుండగా ఆయన ఉన్నట్టుండి లాంఛనాల లెక్క ఎత్తాడట. ‘హిజ్ వర్డ్స్ స్ట్రక్ ఎ జారింగ్ నోట్’ అని రాసి, పక్కన తెలుగులో, చిన్న అక్షరాలతో, ‘పంటి కింద రాయి’ అని రాసుకుంది. ఆ వాక్యాన్ని తన అనుమతితోనే మీకు పంపుతున్నాను. వచ్చే మంగళవారం చోటుంటే వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయిని,
విజయనగరం